అడవి అంచున బంగారు గుంటలు: దొరికింది దాచారా, అసలు దొరకలేదా?

తమ్ముడూ, నీ ప్రశ్న ఇది: మహారాష్ట్రలో గోండ్‌పిప్రి వైపు మీ అమ్మమ్మ వాళ్ళ ఊరవతల, అడవి అంచున, వరసగా పాత కందకాలున్నాయి. మధ్యలో ఒక లోతైన గుంట, అక్కడక్కడా నంబర్లు వేసిన సిమెంట్ దిమ్మలు. చాలా ఏళ్ళ కింద ఎవరో వచ్చి బంగారం కనిపెట్టి, పైకి చెప్పకుండా పూడ్చేసి పోయారని పెద్దలంటారు. అక్కడ ఏరిన తెల్లరాయిలో పసుప్పచ్చ మెరుపు ఉంది. అది బంగారమేనా? ఆ గనిని మళ్ళీ తెరుస్తారా?

నేను బల్లార్షాలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాగపూర్‌లో జియాలజీ చదువుకుని ముప్పై ఏళ్ళకి పైగా డ్రిల్లింగ్ క్యాంపుల్లోనే బతికాను. అందులో రెండు సీజన్లు అచ్చం నువ్వు చెప్పినలాంటి చోట, మన చంద్రపూర్ జిల్లాలోనే పనిచేశాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను. పేరు రాస్తే రేపే ఎవరో ఒకరు తాడు కట్టుకుని గుంటలోకి దిగుతారు.

ముందుగా, అది గని కాదు. గని అంటే రాయి తీసి, లోహం తీసి, అమ్మిన చోటు. నువ్వు చూసింది ప్రాస్పెక్ట్, అంటే ఉందేమో అని వెతికిన చోటు. వెతికిన చోట్లలో నూటికి ఒకటి గని అయినా గొప్పే.

తవ్విందెవరో గుంట ఆకారమే చాలావరకు చెప్పేస్తుంది. బాగా పాతకాలం వాళ్ళ తవ్వకం సన్నగా, వంకరటింకరగా ఉంటుంది. పలుగురాతి చార ఎటు పోతే వాళ్ళూ అటే పోయారు. చార సన్నబడిన చోట గుంటా సన్నబడుతుంది. రాయి పగలడానికి కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్ళు కాబట్టి గోడలు ఉలితో చెక్కినట్టుండవు, గుండ్రంగా, నున్నగా ఉంటాయి. దగ్గర్లో బండల మీద రోలు లాంటి గుంతలు కనబడితే అక్కడే రాయి నూరారన్నమాట. కర్ణాటకలోని హట్టిలో ఇలాంటి పాత పనులు దాదాపు 200 మీటర్ల లోతు దాకా దొరికాయి. లోపల మిగిలిన కట్టెలకి కార్బన్ పరీక్ష చేస్తే సుమారు రెండు వేల ఏళ్ళ కిందటివని తేలింది. ఆ పక్కనే ఉన్న మస్కిలో 1915లో బీడన్ అనే గని ఇంజినీరు బంగారం కోసం తిరుగుతూ ఒక బండ మీద రాతలు చూశాడు. అది అశోకుడి శాసనం. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అని మాత్రమే కనిపించే రాజు అశోకుడే అని ఆ బండే తేల్చింది. బంగారం వెతికేవాడి కళ్ళు రాయిని ఊరికే దాటిపోవు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

తెల్లదొరల కాలం నాటిదైతే నలుచదరపు బావిలా నిట్టనిలువుగా దిగుతుంది. గోడల్లో దూలాలు ఆనించిన గూళ్ళు, పక్కనే తవ్విపోసిన రాళ్ళగుట్ట ఉంటాయి. తర్వాతి కాలంలో సర్కారు తరఫున చేసిన అన్వేషణ అయితే కందకాలు గీత గీసినట్టు, ఒకదానికొకటి సమాంతరంగా, సమాన దూరంలో ఉంటాయి. అవి చార పొడవునా పోవు, చారకి అడ్డంగా పోతాయి. వాళ్ళు చూసేది చార ఎంత పొడవుందని ఒక్కటే కాదు, ఎంత వెడల్పుంది, పక్క రాయిలోకి బంగారం ఎంత దూరం పాకింది అని కూడా. కందకం గోడకి అడుగున అరచేతి వెడల్పు గాడి ఒకటి ఉలితో కోసి ఉంటుంది, నాచు గీకితే కనబడుతుంది. దాన్ని ఛానెల్ శాంపిల్ అంటాం. ఒక్కో మీటరుకి ఒక్కో సంచి.

నీ వర్ణన ప్రకారం మీ ఊరివి ఈ మూడో రకం. సిమెంట్ దిమ్మలు బోరుహోల్ గుర్తులు. దిమ్మలో ఇనుప పైపు కనబడితే అది ఎటు వాలి ఉందో చూడు. నీళ్ళ బోరులా నిటారుగా ఉండదు. చార భూమిలోకి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి, దాన్ని లోతులో అడ్డంగా కోయడానికి బోరు కూడా ఎదురు వాలుగా వేస్తాం. పైపు ఏ దిక్కుగా నేలలోకి దిగుతోందో ఆ దిక్కునే చార ఉంటుంది. ఆ ఒక్క పైపు చూసి అప్పటి జియాలజిస్టు మనసులో ఏముందో చెప్పొచ్చు.

ఇక అక్కడే ఎందుకు వెతికారన్నది. మన జిల్లాలో రాయి ఊరూరికీ మారిపోతుంది. వార్ధా ఒడ్డున బొగ్గు, పడమటికి పోతే నల్లటి దక్కన్ లావా రాయి, తూర్పుకి పోతే బస్తర్ క్రేటాన్ అనే బాగా పాత నేల. గ్రానైట్లు, నైస్ అనే రాళ్ళు, చాలావరకు 250 కోట్ల ఏళ్ళకి పైబడినవి. ఇంకా దక్షిణంగా, పక్కనున్న గడ్చిరోలి జిల్లాలోని సిరోంచకి దిగితే మళ్ళీ అంతా ఇసుకరాయి, సున్నపురాయి. సిరోంచ దగ్గరి కోట అనే ఊరి పేరు మీదే అక్కడి రాతిపొరలకి కోటా ఫార్మేషన్ అని పేరొచ్చింది. ఆ పొరల్లోనే, అక్కడి పోచంపల్లి అనే ఊరి దగ్గర 1960ల మొదట్లో డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. దానికి 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు, ఆ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. సిరోంచ మిత్రులు తమ పొలాల్లో బంగారు చార ఉంటుందా అని అడుగుతుంటారు. ఆ పొరల్లో బంగారు చారలు వెతకడం దండగ. ప్రాణహిత ఇసుకని చేటలో కడిగితే నల్ల ఇసుక అడుగున ఒకటీ అరా రవ్వ కనబడొచ్చు, నేనే ఒకసారి చూశాను. అది అక్కడ పుట్టింది కాదు. వైన్‌గంగ నది భండారా వైపు సాకోలి పట్టీ రాళ్ళని కోసుకుంటూ వస్తుంది. బంగారం ఛాయలున్న రాళ్ళవి. ఆ ఎగువ జిల్లాల్లో ఇసుక కడిగి బతికిన సోన్‌ఝరీల గురించి పాత గ్రంథాల్లో ఉంది. మన తెలుగులోనూ ఆ పనికి మాట ఉంది, జలగడుగు. కంసాలి కొట్టు ముందు దుమ్ము ఊడ్చి, కడిగి, రవ్వలు తీసేవాళ్ళని జలగడుగువాళ్ళు అనేవారు.

తూర్పున ఉన్న పాత గ్రానైట్ నేలలో కొన్ని చోట్ల నేల నలిగిన పట్టీలు ఉంటాయి. రెండు పెద్ద రాతి ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జరిగిన చోట మధ్య రాయి పిండి అయి, పలకలు పలకలుగా మారుతుంది. షియర్ జోన్ అంటాం. మన జిల్లాలోని ఠాణేవాసనా అనే చోట రాగి ఉన్నది అలాంటి పట్టీలోనే. అక్కడ రాగితో పాటు కొద్దిగా బంగారం కూడా ఉంది. లోతులో మూడు వందల డిగ్రీల వేడి నీళ్ళు ఈ నలిగిన దారిని పట్టుకుని పైకి వస్తాయి. బంగారం మామూలు నీళ్ళలో కరగదు, కానీ గంధకం తోడుంటే ఆ వేడి నీళ్ళలో కరుగుతుంది. దారిలో ఇనుము ఎక్కువున్న రాయి తగిలితే గంధకం ఇనుముతో కలిసి పైరైట్ అయిపోతుంది. తోడు పోయిన బంగారం అక్కడికక్కడే దిగిపోతుంది. పగులు ఒక్కసారిగా చల్లబడినా, ఒత్తిడి తగ్గినా అంతే. పగులు మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది, ప్రతిసారీ ఒక పొర పలుగురాయి పడుతుంది. మంచి చారని అడ్డంగా కోసి చూస్తే మడతకాజాలా పొరలు కనబడతాయి.

చూసేవాళ్ళు పాలలా తెల్లగా ఉన్న పలుగురాయినే మోజుపడి ఏరుకుంటారు. అందులో చాలాసార్లు ఏమీ ఉండదు. నేను ఏరేది తుప్పు పట్టి, పురుగు తిన్నట్టు చిన్న చిన్న నలుచదరపు చిల్లులున్న మురికి రాయిని. ఆ చిల్లుల్లో ఒకప్పుడు పైరైట్ ఉండేది, వానలకి కరిగిపోయింది. సుత్తితో కొట్టగానే వెల్లుల్లి వాసన గుప్పుమంటే అందులో ఆర్సినోపైరైట్ ఉంది. బంగారం చాలాచోట్ల దాని వెంటే తిరుగుతుంది. మొదటిసారి ఆ వాసన వచ్చినప్పుడు ఎవరో వంట చేస్తున్నారనుకుని చుట్టూ చూశాను. అడవిలో నేనూ మా సీనియరూ తప్ప ఎవరూ లేరు. మా సీనియర్ ఏమీ అనకుండా ఆ రాయిముక్క తీసుకుని సంచిలో వేసి నంబరు రాశాడు. అది ఆర్సెనిక్ ఉన్న రాయి కాబట్టి ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చొద్దు, చేతులు కడుక్కో.

నీ రాయి సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. టీ కప్పు అడుగున గరుకుగా, మెరుగు లేకుండా ఉండే అంచు మీద మెరిసే చోటుని గట్టిగా గీయి. గీత నల్లగానో ఆకుపచ్చ నలుపుగానో పడితే పైరైట్, లేదా రాగి ఉన్న చాల్కోపైరైట్. పసుప్పచ్చ గీతే పడితే అప్పుడు ఆలోచిద్దాం. సూదిమొనతో గుచ్చు. బంగారం మైనంలా నొక్కుకుంటుంది, పైరైట్ పొడి రాలుతుంది. ఎండలో రాయిని తిప్పితే మెరుపు ఆరిపోయి మళ్ళీ వెలుగుతోందంటే అభ్రకమో పైరైటో. బంగారం రంగు నీడలోనూ మారదు. మన పెద్దలు కాకిబంగారం అనేది ఎక్కువగా అభ్రకాన్నే. ఇంకో మాట, అసలైన బంగారు ఖనిజంలో చాలావరకు బంగారం కంటికి కనబడదు. కనబడలేదని లేదనుకోనక్కర్లేదు, మెరిసింది కదా అని ఉందనుకోనూ వద్దు.

ఇప్పుడు "దొరికింది, దాచేశారు" అన్న మాట దగ్గరికి వస్తాను. ఇది నన్ను ఇన్నేళ్ళుగా బాధపెడుతున్న విషయం.

నేను పనిచేసిన చోట రెండో సీజన్లో, హోలీ వెళ్ళిన కొద్ది రోజులకి ఒక ల్యాబ్ నుంచి ఫలితాలు వచ్చాయి. కాగితం చూసి మా క్యాంపంతా ఊగిపోయింది. వరసగా అన్ని సంచుల్లోనూ బంగారం. వంటమనిషి ఆ రాత్రి సేమ్యా పాయసం చేశాడు. డ్రిల్లింగ్ కుర్రాళ్ళు మర్నాడు ఊళ్ళో టీ కొట్టు దగ్గర చెప్పారు, సాయంత్రానికి మాట రాజురా దాకా పోయింది. మా సీనియర్ మాత్రం రెండు రోజులు ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. మూడో రోజు నన్ను పిలిచి పెన్సిల్‌తో చూపించాడు. మొదటి సంచిలో అన్నిటికంటే ఎక్కువ, రెండో దాంట్లో కొంచెం తక్కువ, మూడో దాంట్లో ఇంకొంచెం తక్కువ, అలా మెట్లు దిగినట్టు దిగుతోంది. కానీ ఆ సంచులు ఒకే కందకంవి కావు, వేరువేరు చోట్లవి. నేలలో బంగారం సంచి నంబరు చూసుకుని తగ్గదు కదా. రాయి నూరే యంత్రంలో మాకంటే ముందు ఎవరిదో గట్టి బంగారు రాయి నూరారు. తర్వాత దాన్ని ఉత్త పలుగురాయితో కడిగినట్టు నూరి శుభ్రం చేయాలి, చేయలేదు. అక్కడ మిగిలిన పిండే మా సంచుల్లోకి వచ్చింది.

ప్రతి సంచి రాయిలో సగం మా దగ్గరే ఉంచుకుంటాం, ఆ సగాలు మళ్ళీ పంపాం. ఫలితం దాదాపు శూన్యం. రెండు కందకాల్లో మాత్రం నిజంగా బంగారం ఉంది, పైపైన. కింద బోర్లలో చార దొరికింది, బంగారం దొరకలేదు.

అప్పటికి వానాకాలం దగ్గరపడింది. కందకాల్లో పశువులు పడుతున్నాయని ఊరివాళ్ళే ఫిర్యాదు చేశారు, లోతుగా ఉన్నవాటిని పూడ్పించాం. సామాన్లు లారీకి ఎత్తుతుంటే ఒక పెద్దావిడ వచ్చి అడిగింది, "దొరికిందన్నారు కదా బిడ్డా, మరి పోతున్నరేంది?" బయట ఏమీ మాట్లాడొద్దని మాకు ఆదేశం. తలొంచుకుని లారీ ఎక్కాను. ఆవిడ చూసింది ఏంటి? బంగారం దొరికిందని పాయసం వండుకున్నవాళ్ళు, కొన్ని వారాల తర్వాత మాట్లాడకుండా మట్టి పూడ్చి పోయారు. దాచేశారనుకోకపోతే ఇంకేమనుకుంటుంది? ఆ మాట పుట్టడానికి ఊరి అమాయకత్వం కారణం కాదు. మేము నోరు విప్పకపోవడం కారణం. రెండు నిమిషాలు నిలబడి చెప్పి ఉండాల్సింది. మీ ఊళ్ళోనూ ఇలాంటిదే జరిగి ఉంటుందని నా గట్టి నమ్మకం.

మరి పైన ఉన్నది కింద ఎందుకు లేదు? వాననీళ్ళు దిగే లోతు దాకా పైరైట్ తుప్పై కొట్టుకుపోతుంది, బంగారం ఎక్కువ భాగం అక్కడే మిగిలి పోగుపడుతుంది. అందుకే పై పదీ ఇరవై మీటర్లు ఆశపెడతాయి. నీటిమట్టం దాటి తాజా రాయిలోకి వెళితే అసలు రంగు బయటపడుతుంది. అక్కడ బంగారం తక్కువుంటుంది, ఉన్నది కూడా కొన్నిసార్లు ఆర్సినోపైరైట్ లోపల ఇరుక్కుని, బంగారాన్ని కరిగించి తీయడానికి వాడే సయనైడ్‌కి అందదు.

ఇంకోటి, అన్నం ఉడికిందా లేదా అంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. బంగారానికి ఆ లెక్క పనికిరాదు. ఇది పాయసంలో జీడిపప్పు లాంటిది, ఒక గరిటెలో ఐదొస్తాయి, పక్క గరిటెలో ఒక్కటీ రాదు. బోరులోంచి కడ్డీలా తీసిన రాయిని కోర్ అంటాం. ఒకే కోర్‌ని నిలువునా రెండు సగాలు చేసి పరీక్షకి పంపితే రెండు వేరే జవాబులు వస్తాయి. మంచి రాళ్ళు మాత్రమే ఏరి పంపితే ఏమవుతుందో వైనాడ్ చూపించింది. 1880 ప్రాంతంలో వైనాడ్, గూడలూరు కొండల్లో బంగారం అని లండన్‌లో పదుల కొద్దీ కంపెనీలు పుట్టాయి, షేర్లు ఎగబడి కొన్నారు. కొన్నేళ్ళలోనే దాదాపు అన్నీ మూతపడ్డాయి. రాయి చూపించినంత గొప్పగా కొండ లేదు. అదే రోజుల్లో కోలార్‌లో కూడా డబ్బైపోయి, మూసేద్దామనుకున్న దశలో ఛాంపియన్ లోడ్ అనే బంగారు చార తగిలింది. ఆ గనులు 3 కిలోమీటర్లకి పైగా లోతుకి దిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా దాదాపు 800 టన్నుల బంగారం ఇచ్చాయి. రెండు చోట్లా పైన కనబడింది పలుగురాయే.

"ఉంది కదా, కొంచెమైతేనేం" అంటావేమో. లెక్క చూడు. టన్ను రాయికి ఒక గ్రాము ఉందనుకుందాం, అంటే ఎనిమిది గురిగింజల ఎత్తు. ట్రాక్టర్ ట్రాలీకి మూడు టన్నులనుకుంటే, ఒక తులం రావాలంటే నాలుగు ట్రాలీల రాయిని నేలలోంచి తీసి, గోధుమపిండి అంత మెత్తగా నూరి, ఒక్క రవ్వ పోకుండా పట్టుకోవాలి. ఒక్క రవ్వ పోకుండా అన్నది ఎక్కడా జరగదు. పైగా చార మూడు చోట్ల తెగి, రెండు చోట్ల అడుగు వెడల్పే ఉంటే, దాని చుట్టూ ఉన్న ఉత్త రాయిని కూడా తీయాల్సిందే. ప్రాస్పెక్ట్‌ని వదిలేయడమంటే బంగారం లేదని కాదు, అప్పటి ధరకి ఈ ఖర్చు గిట్టదని.

అందుకే మళ్ళీ తెరుస్తారా అన్న ప్రశ్నకి లేదని తేల్చి చెప్పను. 2001లో ఔన్సు బంగారం 270 డాలర్ల దగ్గర ఉంది, ఇప్పుడది ఎన్నో రెట్లు. అప్పుడు పనికిరాదన్న రాయిని ఇప్పుడు మళ్ళీ లెక్కేస్తున్నారు. 2015 నుంచి ఇలాంటి బ్లాకులు వేలంలోనే ఇస్తున్నారు. 2023 సవరణలో బంగారం, రాగి లాంటి లోతు ఖనిజాలకి విడిగా ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ కూడా తెచ్చారు. కాబట్టి మీ ఊరి దగ్గర మళ్ళీ జీపులు కనబడొచ్చు. కనబడినంత మాత్రాన గని వచ్చేసిందని ఎవరూ భూములు అమ్ముకోవద్దు, కొనొద్దు. లైసెన్సుకీ గనికీ మధ్య చాలా ఏళ్ళుంటాయి, ఎక్కువసార్లు ఆ దారి మధ్యలోనే ఆగిపోతుంది. పాత రిపోర్టు కావాలంటే జియలాజికల్ సర్వే వాళ్ళ భూకోశ్ పోర్టల్‌లో వెతుకు. మ్యాపు, కందకాల నంబర్లు, బోర్ల ఫలితాలు కొన్నిటికి దొరకొచ్చు. దొరికితే ప్రింటు తీసి మీ ఊరి పెద్దలకి చూపించు. దాచారనుకున్నది కాగితం మీద ఉందని వాళ్ళకి తెలియాలి.

లోతైన గుంటలోకి మాత్రం దిగొద్దు, ఎవర్నీ దిగనివ్వొద్దు. పాత గుంట అడుగున చెడుగాలి నిలిచి ఉంటుంది, రంగూ వాసనా ఉండవు, మనిషి అరవకుండానే పడిపోతాడు. కాపాడ్డానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు. గ్రామపంచాయతీకి చెప్పి ముందు ముళ్ళకంచె వేయించండి. లైసెన్సు లేకుండా తవ్వితే ఐదేళ్ళ దాకా జైలు, హెక్టారుకి ఐదు లక్షల దాకా జరిమానా కూడా ఉంది. పాదరసం పెట్టి తీద్దామని ఎవరైనా యూట్యూబ్ చూసి వస్తే వెనక్కి పంపించు, ఆ పొగ పిల్లల మెదడుకి పడదు.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క పని చెయ్యి. దిమ్మ మీద నాచు మెల్లగా తుడిచి నంబరు రాసుకో, పైపు ఎటు వాలి ఉందో ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూడు. ఆ రెండూ నాకు రాసి పంపు. నా పాత ఫీల్డ్ డైరీలు అటక మీద ఇంకా ఉన్నాయి, చూసి చెప్తాను.